చివరి ఎస్ ఎవరిది?

2006 జూన్ 26న అమెరికా సుప్రీం కోర్టు ‘కేన్సస్ వర్సెస్ మార్ష్’ కేసులో తీర్పు చెప్పింది. మరణశిక్ష కేసు. కేన్సస్ రాష్ట్ర చట్టం ప్రకారం, నేరం తీవ్రతను పెంచే కారణాలూ శిక్ష తగ్గించమని అడిగే కారణాలూ త్రాసులో సరిసమానంగా తూగితే జ్యూరీ మరణశిక్షే వేయాలి. త్రాసు ఎటూ మొగ్గనప్పుడు ప్రాణం తియ్యమనే చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అన్నది అక్కడి ప్రశ్న. అయిదుగురు ఉందన్నారు, నలుగురు లేదన్నారు. మెజారిటీ తీర్పు రాసింది క్లారెన్స్ థామస్. అసమ్మతి తీర్పు రాసినవారిలో డేవిడ్ సూటర్ ఒకరు.

వీళ్ళిద్దరూ విడిపోయింది ఆ ఒక్క విషయంలోనే కాదు. ‘కేన్సస్ చట్టం’ అని రాయాల్సి వచ్చినచోట థామస్ కేన్సస్ చివర ఒక అపాస్ట్రఫీ మాత్రం పెట్టి ఊరుకున్నారు: కేన్సస్’. సూటర్ అపాస్ట్రఫీ పెట్టి దాని తర్వాత ఇంకో ఎస్ కూడా రాశారు: కేన్సస్’స్. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు, ఒకే కేసు, ఒకే రోజు, ఒకే రాష్ట్రం పేరు, రెండు స్పెల్లింగులు. అదే ఏడాది జొనాథన్ స్టార్‌బుల్ అనే లాయరు ఒక న్యాయవాద పత్రికలో దీని మీదే వ్యాసం రాశాడు. ఆ తొమ్మండుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురి ఇంటిపేర్లు – థామస్, స్టీవెన్స్, రాబర్ట్స్ – ఎస్‌తోనే ముగుస్తాయి. అంటే వాళ్ళ అభిప్రాయాల్ని ప్రస్తావించాలన్నా ఈ తగాదా తప్పదు. ఎస్‌తో ముగిసే పేరున్న థామస్ తన పేరు చివర రెండో ఎస్ వద్దనే పక్షాన ఉండటం నాకు ముచ్చటగా ఉంటుంది.

మనం బళ్ళో నేర్చుకున్నది ఇంతే: ఒకడి సొంతమైతే అపాస్ట్రఫీ ఎస్, పలువురిదైతే ఎస్ తర్వాత అపాస్ట్రఫీ. మరి ఒకడే అయ్యుండి, పేరే ఎస్‌తో ముగిస్తే? అక్కడ ఒక్కో టీచరు ఒక్కోటి చెబుతారు, మార్కులు మాత్రం ఒకే రకంగా కొడతారు. శ్రీనివాస్, దాస్, వ్యాస్ అని పేర్లు పెట్టుకునే మనవాళ్ళకి ఈ గొడవ దూరపు చుట్టమేం కాదు. అయితే ఇది వ్యాకరణం మరిచిపోయినవాళ్ళు తెచ్చిన గందరగోళం అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఈ గుర్తు పుట్టింది ఒక పనికి, స్థిరపడింది ఇంకో పనికి. ఎస్‌తో ముగిసే పేరు దగ్గర ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డొస్తాయి.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో అపాస్ట్రఫీ లేదు, విభక్తులున్నాయి. షష్ఠికి అన్ని మాటలకీ ఒకే ప్రత్యయం కూడా ఉండేది కాదు. రాజు అనే అర్థమున్న ‘కునింగ్’ లాంటి పుంలింగ పదాలకీ కొన్ని నపుంసక పదాలకీ చివర ‘ఎస్’ అని పలికే రెండక్షరాలు, అంటే ఈ, ఎస్, చేరేవి. చాలా స్త్రీలింగ పదాలకి అచ్చు మాత్రమే చేరేది. ఇంకో తరగతి పదాలకి ‘అన్’ చేరేది. మనకిది కొత్త కాదు. ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, ఊరు మాత్రం ఊరి అవుతుంది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని పేరుపెట్టి చెప్పిన సంగతే. ఇంటిని ‘ఇల్లు యొక్క’ అని ఎవరైనా అంటే మనకి ఎలా ఉంటుందో, ఆనాటి ఇంగ్లీషువాళ్ళకి స్త్రీలింగ పదానికి ఎస్ తగిలిస్తే అలా ఉండేదన్నమాట. ఆ పాత పద్ధతి అవశేషాలు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. మార్చి 25న వచ్చే మేరీమాత పండగని ‘లేడీ డే’ అంటారు, ‘లేడీస్ డే’ అనరు. ఎందుకంటే ‘లేడీ’ అన్నమాటకి పాత షష్ఠిలో ఎస్ లేదు. ‘సండే’లో కూడా సూర్యుడి పేరు షష్ఠిలోనే ఉంది, ఎస్ లేకుండా.

నార్మన్లు వచ్చాక, పన్నెండో శతాబ్దం నుంచీ ఈ విభక్తులన్నీ అరిగిపోతూ వచ్చాయి. చివరికి మిగిలింది ఆ ఒక్క పుంలింగ ప్రత్యయమే. అది స్త్రీలింగాలకీ పాకింది, అన్నిటికీ పాకింది. ఆ తర్వాత దానిలోని అచ్చు కూడా నోట్లోంచి జారిపోయింది. ‘కింగెస్’ అని రెండక్షరాలుగా పలికేది ‘కింగ్స్’ అని ఒకే ఊపులో వచ్చేసింది.

అయితే అన్నిచోట్లా జారిపోలేదు, ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే. ముందున్న ధ్వని స, జ, ష, చ లాంటిదైతే ఆ అచ్చు లేకుండా పలకడం కుదరదు. జేమ్స్ పక్కన వట్టి ఎస్ పెట్టి పలికి చూడండి, నాలుక అక్కడే ఆగిపోతుంది. మధ్యలో ఒక ఇకారం ఉంటేగాని ‘జేమ్సిజ్’ అని బయటికి రాదు. కాబట్టి మామూలు మాటల్లో పోయిన అచ్చు, ఎస్‌తో ముగిసే మాటల్లో మాత్రం నోట్లో బతికే ఉంది. లేదా, రెండు ఎస్‌లు పక్కపక్కన ఎందుకని అసలు ప్రత్యయాన్నే మింగేసి ‘జేమ్స్’ అని ఊరుకున్నారు. ఈ రెండు పద్ధతులూ అప్పట్నుంచీ ఉన్నవే. థామస్‌గారిదీ సూటర్‌గారిదీ కొత్త తగాదా కాదు.

ఇక్కడొక చిత్రం జరిగింది. పదం చివర, ఊనిక లేకుండా పలికే ‘ఇస్’ అనే ప్రత్యయమూ, గబగబా మాట్లాడేటప్పుడు హకారం పోయిన ‘హిజ్’ (అతని) అన్న మాటా చెవికి ఒక్కలాగే వినపడతాయి. దాంతో ‘రాజు యొక్క కొడుకు’ అని రాయాల్సిన చోట ‘రాజు అతని కొడుకు’ అన్నట్టు రాయడం మొదలైంది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇది బాగా వాడుక. ముఖ్యంగా ఎస్‌తో ముగిసే పేర్లకి భలే అనుకూలం. ఎస్ మీద ఎస్ పడే ఇబ్బంది లేదు. బెన్ జాన్సన్ 1603లో ఆడించి 1605లో అచ్చువేసిన విషాదాంత నాటకం పేరు ‘సెజానస్ హిజ్ ఫాల్’ – సెజానస్ అతని పతనం. 1662 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకంలోనూ క్రీస్తు పేరు తర్వాత ఈ ‘హిజ్’ కనిపిస్తుంది. ఆడవాళ్ళ పేర్లయితే ‘హర్’ అని రాసినవాళ్ళూ ఉన్నారు.

మనకి ఇది నవ్వులాటగా అనిపించక్కర్లేదు. ‘శ్రీనివాస్ వాళ్ళ ఇల్లు’ అంటాం మనం. పేరుకి ఏ ప్రత్యయమూ చేర్చం, పక్కన ఒక సర్వనామాన్ని నిలబెట్టి దాన్ని షష్ఠిలో పెడతాం. దారి వేరే, అర్థంలో కూడా తేడా ఉంది (ఇల్లు అతనొక్కడిదే కాదు, ఇంటిల్లిపాదిదీ), కాని హల్లుతో ముగిసే పేరుని ముట్టుకోకుండా పని జరిపించుకునే ఉపాయం ఒకటే.

తన నాటకానికి అలా పేరుపెట్టిన బెన్ జాన్సనే, తన వ్యాకరణంలో ఈ ‘హిజ్’ వాడకాన్ని వికృతమైన వాక్యనిర్మాణమని తిట్టిపోశాడు. ఆ వ్యాకరణం ఆయన పోయాక 1640లో అచ్చయింది. వ్యాకరణం రాసేవాళ్ళు తమ రచనల్లో ఏం చేస్తారో చూడకూడదని మన పండితుల్ని చూసిన వాళ్ళకి ఎటూ తెలుసు.

ఇంతవరకూ అపాస్ట్రఫీ ఊసే లేదు. అది అచ్చు యంత్రంతో పాటు వచ్చిన సరుకు. మాట గ్రీకుది, పక్కకి తిరగడం అని అర్థం. ఒక అక్షరం తప్పుకుంది సుమా అని చెప్పే గుర్తు. వెనీస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో వేసిన పెట్రార్క్ కవితల పుస్తకంలో ఇది ఉంది, తర్వాత ఫ్రెంచి అచ్చుకి దీన్ని అలవాటు చేసినవాళ్ళలో జోఫ్రా తోరీ ముఖ్యుడు. ఇంగ్లండుకి పదహారో శతాబ్దంలో చేరింది. అక్కడా మొదట చేసింది లోపాన్ని చూపించే పనే. షష్ఠిలోని అచ్చు ఎటూ నోట్లో పోయింది కాబట్టి, పోయినచోట ఈ గుర్తు పెట్టడం కొందరు మొదలుపెట్టారు. అందరూ కాదు, ఎప్పుడూ కాదు. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకం 1598లో విడిగా అచ్చయినప్పుడు పేరులో ఒక్క అపాస్ట్రఫీ లేదు. 1623 నాటి మొదటి ఫోలియోలో రెండో మాటకి మాత్రం పెట్టారు, ఇప్పుడు షష్ఠి అని మనం అనుకునే మొదటి మాటకి పెట్టలేదు. ఈ రోజు రెండిటికీ పెడుతున్నాం. షేక్‌స్పియర్ ఎలా రాసుకున్నాడో మనకి తెలిసే దారి లేదు, అప్పటి కంపోజిటర్ల చేతివాటమే మనకి మిగిలింది.

పదిహేడో శతాబ్దం చివరికి ఏకవచన షష్ఠికి అపాస్ట్రఫీ దాదాపు ఖాయమైంది. బహువచనానికి ఇంకో వందేళ్ళు పట్టింది. అప్పటికి జనం దాని జన్మరహస్యం మర్చిపోయారు. లోపించింది ‘ఈ’ అనే అచ్చు కాదు, ‘హిజ్’ అనే మాటలో ముందు భాగమని చదువుకున్నవాళ్ళు కూడా నమ్మారు. 1711లో ఎడిసన్ తన స్పెక్టేటర్ పత్రికలో ఈ ఒంటి ఎస్ పూర్వీకుల ‘హిజ్’కీ ‘హర్’కీ బదులు నిలబడుతోందని రాశాడు. ‘హర్’ కుంచించుకుపోతే ఎస్ ఎలా మిగులుతుందో ఆయన చెప్పలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకి ముందు చేర్చిన వ్యాకరణంలో ఈ మాటే పట్టుకున్నాడు: ఆడవాళ్ళ విషయంలోనూ అదే ఎస్ వాడుతున్నాం కదా, అక్కడ ‘హిజ్’ ఎక్కణ్ణుంచి వచ్చింది? 1762లో రాబర్ట్ లౌత్ కూడా ఇది పాత విభక్తి ప్రత్యయమేనని తన చిన్న వ్యాకరణంలో చెప్పాడు. వాదంలో జాన్సన్, లౌత్ గెలిచారు. గుర్తుని మాత్రం ఎవరూ తియ్యలేదు. ఒక అక్షరం లేదు అని చెప్పడానికి వచ్చిన గుర్తు, ఇది ఫలానావారిది అని చెప్పే గుర్తుగా ఉండిపోయింది.

ఇప్పుడు జేమ్స్ దగ్గరికి రండి. అపాస్ట్రఫీ లోపానికి గుర్తు అనుకుంటే, ‘జేమ్సిజ్’ అని పలికేచోట లోపించిందేమీ లేదు. ఇకారం నిక్షేపంగా వినపడుతోంది. అక్కడ ఆ గుర్తు అబద్ధం చెబుతోంది. ప్రత్యయాన్ని మింగేసి ‘జేమ్స్’ అని పలికేవాడికి మాత్రం లోపించింది ఒక అక్షరం కాదు, మొత్తం ప్రత్యయమే. వాడు వట్టి అపాస్ట్రఫీ పెట్టడం పాత అర్థంలో చాలా నిజాయితీ. అదే గుర్తుని సొత్తుకి ముద్ర అనుకునేవాడికి, ఏ పేరుకైనా ముద్ర ఒకటే ఉండాలి కాబట్టి అపాస్ట్రఫీ ఎస్ తప్పనిసరి. రెండూ సమంజసమే. అందుకే రెండు వందల యాభై ఏళ్ళుగా ఒకరు ఇంకొకర్ని ఒప్పించలేకపోయారు.

తర్వాత వచ్చిన వ్యాకరణకర్తలు ముద్ర వైపే మొగ్గారు. 1918లో కార్నెల్‌లో విలియం స్ట్రంక్ తన విద్యార్థుల కోసం వేయించుకున్న చిన్న పుస్తకం మొదటి నియమమే ఇది: ఏకవచనమైతే చివర ఏ హల్లున్నా సరే, అపాస్ట్రఫీ ఎస్ పెట్టు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా చార్లెసే. 1959లో ఇ.బి. వైట్ దాన్ని తిరగరాసి లోకప్రసిద్ధం చేశాక కూడా మొదటి నియమం మొదట్లోనే ఉంది. 1926లో ఫౌలర్ ఇంగ్లండులో అదే మాట అన్నాడు, రెండో ఎస్ వదిలేయడం పాత అలవాటనీ, కవిత్వానికీ భక్తి సందర్భాలకీ మిగిలిందనీ. అందరూ మినహాయించింది ప్రాచీనుల్ని: మోజెస్, జీసస్, సోక్రటీస్, ఏకిలీస్. దేవుడి మీద గౌరవంతో అంటారు గాని, నన్నడిగితే భక్తి కన్నా నాలుక బలమైన కారణం. ‘మోజెసిజ్’ అని గబగబా పదిసార్లు అనగలిగిన పాస్టరుగారుంటే అప్పుడు ఆలోచిద్దాం. షికాగో స్టైల్ మాన్యువల్ 2010లో గ్రీకు పేర్లకున్న మినహాయింపు కూడా తీసేసింది. పత్రికలవాళ్ళు అటు పోలేదు. ఎస్‌తో ముగిసే మనుషుల పేర్లకీ ఊళ్ళ పేర్లకీ వట్టి అపాస్ట్రఫీ చాలని అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ ఇప్పటికీ చెబుతోంది.

ఊళ్ళ పేర్లలో అయితే ఎవరిష్టం వారిది. లండన్లో రాజుగారి పార్కు సెయింట్ జేమ్స్‌కి అపాస్ట్రఫీ, ఎస్ రెండూ ఉంటాయి. న్యూకాసిల్ ఫుట్‌బాల్ మైదానానికి అపాస్ట్రఫీ మాత్రమే. ఎక్సెటర్ మైదానానికి రెండూ లేవు. మూడిట్లోనూ పేరు మాత్రం ఒకటే, సెయింట్ జేమ్స్. లండన్ పార్కు నుంచి నడిచి నది దాటితే సెయింట్ థామస్ ఆసుపత్రి వస్తుంది, అక్కడ మళ్ళీ వట్టి అపాస్ట్రఫీ. అమెరికాలో 1890లో పుట్టిన భౌగోళిక నామాల బోర్డు అసలు సొత్తు గుర్తులే వద్దంది, ఇన్నేళ్ళలో అయిదు పేర్లకి మాత్రం ఒప్పుకుంది.

ఆర్కన్సా కథ చెప్పకుండా వదల్లేను. పేరు చివర ఎస్ రాస్తారు, పలకరు. పలకాలా వద్దా అని సొంత రాష్ట్రంలోనే గొడవలయ్యి 1881లో శాసనసభ తీర్మానం చేసింది, చివరి ఎస్ మౌనంగా ఉండాలని. 2007లో స్టీవ్ హారెల్‌సన్ అనే ప్రతినిధి ఇంకో తీర్మానం తెచ్చాడు: షష్ఠిలో అపాస్ట్రఫీతో పాటు రెండో ఎస్ కూడా రాయాలి. సభ ఆమోదించింది, చట్టబద్ధత లేకపోయినా. అప్పట్లో పత్రికలు నవ్వాయి గాని, నాకు ఇందులో నవ్వడానికేమీ కనపడదు. ఉన్న ఎస్ మౌనంగా ఉంది, పలికే ఎస్ ప్రత్యయానిది. దాన్ని రాయకపోతే పలుకుతున్నది ఎవరిదో కాగితం మీద ఆనవాలే ఉండదు. పేరు ఎవరిదైతే ఎలా రాయాలో చెప్పే హక్కు వాళ్ళకే ఉండాలి కదా.

మనకి ఇవన్నీ పరాయి సంగతులే అయినా, ఒకచోట మాత్రం నేరుగా తగుల్తాయి: సైన్సు పాఠాల్లో. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ప్రత్యయాన్ని వదిలెయ్యాలి, పేరుని ఉంచాలి. బాయిల్ నియమంలో ఎస్ పోయింది, చార్లెస్ నియమంలో ఉంది. ఎందుకంటే మొదటిది ప్రత్యయం, రెండోది పేరులోదే. (ఆ చార్లెస్ ఫ్రెంచివాడు, జాక్ షార్ల్, ఆయన ఊళ్ళో ఆ ఎస్ పలకరు. మనం మాత్రం పలుకుతాం.) గాస్ నియమంలో ఎస్‌లు గాస్‌వే. స్టోక్స్ నియమం, హైగెన్స్ సూత్రం అన్నప్పుడు కూడా అంతే, ఒకాయన జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్, ఇంకొకాయన క్రిస్టియాన్ హైగెన్స్. కాని ఇంగ్లీషులో అచ్చయ్యే గైడ్లూ ప్రశ్నపత్రాలూ చూడండి. అపాస్ట్రఫీని ఎస్‌కి ముందు జరిపేసి స్టోక్ అనే మనిషినీ హైగెన్ అనే మనిషినీ పుట్టించేస్తుంటారు. ఎస్ కనపడగానే సొత్తు గుర్తు అనుకునే అలవాటు అంత బలమైంది. తెలుగు మీడియం పిల్లవాడు ‘స్టోక్స్ నియమం’ అని రాస్తే తప్పు లేదు. వాడే ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో చేరి, గైడు చూసి స్టోక్ అని నేర్చుకుంటాడు.

తెలుగులో ఈ చిక్కు ఎందుకు లేదంటే, హల్లుతో మాట ముగించడం మనకి ఒంటపట్టలేదు కాబట్టి. బస్ వస్తే బస్సు చేసుకున్నాం, క్లాస్‌ని క్లాసు చేసుకున్నాం. చివర అచ్చు పడ్డాక ‘బస్సు అద్దాలు’ అన్నా ‘క్లాసు పిల్లలు’ అన్నా అడ్డేమీ లేదు. శ్రీనివాసుడు శ్రీనివాస్ అయ్యాక కూడా ‘శ్రీనివాస్ పెళ్ళి’ అనేస్తాం, సందర్భమే విభక్తి. ‘యొక్క’ అనేది బళ్ళో ఇంగ్లీషు వాక్యాల్ని తెలుగు చెయ్యడానికే ఎక్కువగా పనికొచ్చింది. ఇంట్లో దాన్ని వాడేవాళ్ళని నేను చూళ్ళేదు. అమెరికాలో పుట్టిన శ్రీనివాస్ కూతురు మాత్రం నాన్న కారు గురించి వ్యాసం రాయాలంటే, వాళ్ళ టీచరు షికాగో పక్షమో పత్రికల పక్షమో ముందు కనుక్కోవాలి.

2024 ఎన్నికల్లో ఇది మళ్ళీ వీధికెక్కింది. కమలా హారిస్ పేరుకి అసోసియేటెడ్ ప్రెస్ వట్టి అపాస్ట్రఫీ పెట్టింది, న్యూయార్క్ టైమ్స్ ఎస్ కూడా చేర్చింది. అవతలి పక్షంలో మన తెలుగింటి ఆడపడుచు ఉషని చేసుకున్న వాన్స్ ఉన్నాడు. తెలుగులో రాస్తే హారిస్, వాన్స్ రెండూ సకారంతోనే ఆగుతాయి, చెవికీ అంతే. కాని ఇంగ్లీషులో వాన్స్ పేరు చివరి అక్షరం ఎస్ కాదు, ఈ. కాబట్టి ఆయన పేరుకి అపాస్ట్రఫీ ఎస్ పెట్టడంలో ఎవరికీ పేచీ రాలేదు. ఒకే వార్తలో, ఒకే వాక్యంలో ఒకరికి రెండో ఎస్ ఉండేది, ఒకరికి ఉండేది కాదు. ఆ వార్తని టీవీలో చదివేవాళ్ళు మాత్రం చాలావరకు ఇద్దరికీ పలికేవాళ్ళు: హారిసిజ్, వాన్సిజ్.